ఆడకుక్క తొలి ఎద: ఇంటివారు తెలుసుకోవలసిన విషయాలు

మన పల్లెలలో ఎవరినైనా తీవ్రంగా నిందించవలసి వస్తే ‘చిత్తకార్తె కుక్క’ అనడం పరిపాటి. మాట మొరటుదే. అయితే దాని వెనుక ఉన్న పరిశీలన రైతుది. అందులో పొరపాటు లేదు. చిత్తకార్తె అక్టోబరు రెండవ వారంలో ప్రవేశించి సుమారు రెండు వారాలు ఉంటుంది. వానలు వెనకపట్టే ఆ రోజులలో ఊరకుక్కలు గుంపులుగా తిరుగుతూ జతకడతాయి. సంక్రాంతి నాటికి వీధి మూలలలో పిల్లలు తప్పటడుగులు వేస్తూ కనిపిస్తాయి. వీధులలో బతికే కుక్కల సంతానోత్పత్తికి ఋతువులతో ఉన్న సంబంధాన్ని మన పూర్వులు ఒక్క తిట్టులో ఇమిడ్చారు.

ఇంటి నాలుగు గోడల మధ్య, వేళకు తిండి తింటూ పెరిగే కుక్కకు ఈ కార్తెతో నిమిత్తం లేదు. అది చైత్రంలోనూ ఎదకు రావచ్చు, మాఘంలోనూ రావచ్చు. పల్లెటూరి లెక్కను మనసులో ఉంచుకొని బెంగళూరులో కుక్కను పెంచుకునే మన కుటుంబాలు తొలి ఎద కనిపించగానే తడబడుతున్నాయి. ఆ తడబాటుకు అజ్ఞానం కంటే మాటలే ఎక్కువ కారణమని ఈ తెలుగు విభాగాన్ని సిద్ధం చేస్తున్నప్పుడు నాకు తెలిసివచ్చింది. అందువల్ల పాఠాన్ని మాటల నుంచే ఆరంభిస్తున్నాను.

మూడు మాటలు, మూడు పొరపాట్లు

ఈ నగరంలో పశువైద్యులు కన్నడంలో మాట్లాడినా, తమిళంలో మాట్లాడినా ఈ దశను ‘హీట్’ అనే వ్యవహరిస్తారు. ఆ మాట చెవిన పడగానే మనవారికి ఒంట్లో వేడి చేయడం గుర్తుకు వస్తుంది. వెంటనే సబ్జా గింజలు నానబెడతారు, బార్లీ కాస్తారు, మజ్జిగలో అన్నం కలిపి పెడతారు. మజ్జిగన్నం వల్ల కుక్కకు వచ్చే హాని పెద్దగా లేదు, కాని దానివల్ల ఎద ఒక్క గంట కూడా ముందుగా తగ్గదు. ఇది శరీరంలోని ఉష్ణం కాదు. అండాశయాలు మేల్కొని గర్భధారణకు సిద్ధపడే దశ.

రెండవ మాట ‘నెలసరి’. రక్తం కనిపిస్తుంది గనుక ఆడపిల్లల నెలసరి వంటిదేనని అందరమూ అనుకుంటాం. నేనూ అనుకున్నాను. ఈ పుస్తకపు మొదటి ప్రతిలో మూలంలోని మాటకు ‘రుతుస్రావం’ అని రాశాను. పరిశీలించిన పశువైద్యులు దానిని ఎర్రసిరాతో కొట్టివేశారు. కారణం దిగువన వివరిస్తాను. ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

మూడవది ‘బయట’. బయట చేరింది, బయట ఉంది అనే పలుకుబడి మన ఇళ్ళలో ఇంకా పోలేదు. కుక్కకు కూడా దానిని వర్తింపజేసి, మైల అంటుకుంటుందని లోపల పడుకునే కుక్కను తీసుకొనిపోయి వరండాలోనో, మెట్ల కిందనో, మేడ మీదనో కట్టివేసే ఇళ్ళు ఉన్నాయి. మగకుక్కలకు అందకుండా కాపాడవలసిన మూడు వారాలూ దానిని మగకుక్కలకు అందేచోట కట్టివేయడమే దీని ఫలితం. పూజగదిలోకి రానివ్వకూడదనుకుంటే ఆ తలుపు మూసుకోండి. అది మీ ఇష్టం. వీధి తలుపు వైపు మాత్రం కుక్కను నెట్టకండి.

సరైన మాట మనకు ఉండనే ఉంది. ఆవులకు, గేదెలకు మన రైతులు వాడే ‘ఎద’. కన్నడిగులు దీనినే ‘బెదె’ అంటారు. ఆసుపత్రిలో ‘నాయి బెదెగె బందిదె’ అంటే అక్కడి సహాయకునికి కూడా వెంటనే అర్థమవుతుంది.

మా ఇంట జరిగినది

నాలుగేళ్ళ కిందట మా ఇంట ఒక వీధిపిల్లను చేరదీశాం. తెల్లని ఒంటిపై గోధుమరంగు మచ్చలు. ఎనిమిది నెలలు నిండిన తరువాత, శ్రావణమాసంలో, గచ్చు మీద రక్తపు చుక్కలు కనిపించాయి. మా అమ్మ మజ్జిగ పెట్టింది. నాయనమ్మ మెట్ల దగ్గర కట్టమంది. నేను తెలుగులో పట్టా పుచ్చుకున్నదాన్నే గాని కుక్కల సంగతి ఏమీ తెలియదు. పది రోజులు జాగ్రత్తగానే ఉన్నాను. పదకొండవ రోజున రక్తం పలచబడింది. పన్నెండవ రోజున దాదాపు కనిపించలేదు. అయిపోయిందని సంతోషించి, తలంటి, గొలుసు లేకుండా గేటు బయటికి వదిలాను. పట్టుమని పావుగంట కాలేదు.

రెండు నెలల తరువాత అయిదు పిల్లలు పుట్టాయి. తల్లికి అప్పటికి ఏడాది నిండలేదు. తనే ఇంకా పిల్ల. పాలు చాలలేదు. రెండు పిల్లలు మొదటి వారంలోనే పోయాయి. మిగిలిన మూడింటికి ఇళ్ళు వెదకడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. రక్తం ఆగడమంటే ఏమిటో ఆ పన్నెండవ రోజున ఎవరైనా చెప్పి ఉంటే ఇందులో ఏదీ జరిగేది కాదు.

రక్తం తగ్గినప్పుడే అసలు జాగ్రత్త

స్త్రీలలో అండం ఫలదీకరణ చెందకుండా వ్యర్థమైన తరువాత గర్భసంచి లోపలి పొర ఊడిపోతుంది, అదే నెలసరి. అంటే అది ముగిసిపోయిన ఒక అవకాశానికి గుర్తు. కుక్కలో జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. అండం ఇంకా విడుదల కాకముందే, ఈస్ట్రోజెన్ అనే హార్మోను పెరిగి, గర్భసంచి పొర ఉబ్బి, అందులోని సన్నని రక్తనాళాల నుంచి రక్తం చెమరుస్తుంది. రాబోయే అవకాశానికి ఇది ముందస్తు సన్నాహం. కనుక రక్తం తగ్గిందంటే కుక్క ఎద నుంచి బయటపడినట్లు కాదు, ఎద మధ్యకు చేరినట్లు.

పశువైద్యులు ఎదచక్రాన్ని నాలుగు దశలుగా విభజిస్తారు. మొదటిది ఎద ముందుదశ. సగటున 9 రోజులు. అయితే 3 రోజులలోనే ముగియవచ్చు, 17 రోజుల వరకూ సాగవచ్చు. ఈ దశలో రక్తం ఎర్రగా ఉంటుంది, మానం (మూత్రద్వారం వద్ద బయటికి కనిపించే జననాంగం) వాస్తుంది, మగకుక్కలు వెంటపడతాయి. కాని ఆడకుక్క వాటిని దగ్గరకు రానీయదు. తోకను కాళ్ళ మధ్యకు ముడుచుకొని కూర్చుంటుంది, గుర్రుమంటుంది. ఈ తిరస్కారాన్ని చూసి, ‘మాది ఎవరినీ దగ్గరకు రానీయదు’ అని ధీమా పడే యజమానులను చాలామందిని చూశాను.

రెండవది అసలు ఎద. సగటు మళ్ళీ 9 రోజులే. 3 నుంచి 21 రోజుల వరకు ఉండవచ్చు. మొదట మాంసం కడిగిన నీళ్ళ రంగులోకి, తరువాత ఎండుగడ్డి రంగులోకి స్రావం మారుతుంది. వాపు కొంత మెత్తబడుతుంది. నిన్నటి దాకా గుర్రుమన్న కుక్క ఇవాళ వీపు చివర చేయి పెట్టగానే తోకను ఒక పక్కకు తిప్పి కదలకుండా నిలబడుతుంది. అంతవరకు ఇల్లు దాటని కుక్క తలుపు సందు నుంచి జారిపోవడానికి ప్రయత్నించేది ఈ రోజులలోనే. అన్ని కుక్కలలోనూ రంగు ఇలాగే మారదు. కొన్నిటికి చివరి దాకా ఎర్రగానే ఉంటుంది. కాబట్టి రంగు ఒక సూచన మాత్రమే.

మరొక విశేషం కూడా గమనించదగినది. కుక్కలో విడుదలైన అండం పక్వానికి రావడానికి మరి రెండు మూడు రోజులు పడుతుంది. మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క శరీరంలో దాదాపు వారం రోజులు సజీవంగా ఉండగలవు. అందువల్ల ఫలానా రోజున జతకట్టింది, అది గర్భం నిలిచే రోజు కాదులే అనే లెక్కలు వృథా. ఒకే కాన్పులోని పిల్లలకు వేరువేరు తండ్రులు ఉండడం కూడా కుక్కలలో సంభవమే.

మూడవ దశ సుమారు రెండు నెలలు, నాలుగవది విశ్రాంతి దశ. ఈ చక్రం సగటున 6, 7 నెలలకొకసారి తిరుగుతుంది. కొన్ని కుక్కలు ఏడాదికి ఒక్కసారే ఎదకు వస్తాయి.

తొలి ఎదను గుర్తించడం

చిన్న జాతులలో 6 నెలలకే, పెద్ద జాతులలో ఏడాది దాటిన తరువాత తొలి ఎద రావడం సాధారణం. కొన్ని భారీ జాతులలో రెండేళ్ళ దాకా ఆలస్యం కావచ్చు. ఆరవ నెల నిండినప్పటి నుంచి వారానికి ఒకసారి వాపు ఉన్నదేమో చూడడం అలవాటు చేసుకోవాలి. శుభ్రంగా ఉండే కుక్క రక్తం కింద పడనీయకుండా నాకివేస్తుంది; యజమానికి ఒక్క చుక్క కూడా కనిపించదు. అనుమానం వస్తే పడకపై తెల్లని పాత పంచె పరచి, తెల్లవారి చూస్తే చాలు. మాటిమాటికీ కొద్ది కొద్దిగా మూత్రం పోయడం, వెనుకభాగాన్ని పదేపదే నాకడం, చిరాకు, ఆకలి మందగించడం, లేదా ఎన్నడూ లేనంతగా మన వెంటే తిరగడం, ఇవన్నీ సూచనలే. అదుపు తప్పి ఇంట్లో మూత్రం పోస్తే కొట్టరాదు; ఆ రోజులలో అది తన వశంలో ఉండదు.

తొలి ఎదకు ఒక ప్రత్యేకత ఉంది. కొన్నిటిలో అది బయటికి ఏ లక్షణమూ చూపకుండానే జరిగిపోతుంది. మరికొన్నిటిలో మొదలై, నాలుగైదు రోజులకు ఆగిపోయి, కొన్ని వారాల తరువాత మళ్ళీ మొదలై పూర్తవుతుంది. రెండవసారి వచ్చినదే అసలు ఎద కావచ్చు. కనుక ‘మొన్ననే అయింది గదా’ అని ఊరుకోకూడదు.

మొదటి చుక్క కనిపించిన తేదీని గోడ మీది క్యాలెండరులో తప్పక రాయండి. తరువాతి నిర్ణయాలన్నీ ఆ తేదీపైనే ఆధారపడి ఉంటాయి. శస్త్రచికిత్సకు వెళ్ళినా, జబ్బు చేసి వెళ్ళినా వైద్యుడు మొదట అడిగేది ఆ తేదీనే.

ఆ నాలుగు వారాలు

మూడు వారాలని సాధారణంగా చెబుతారు. నేను నాలుగు అంటాను. మొదటి చుక్క నుంచి 21 రోజులు గడవడం, వాపు పూర్తిగా తగ్గడం, మగకుక్కలు పట్టించుకోకపోవడం, ఈ మూడూ జరిగే వరకు జాగ్రత్త సడలించరాదు. మూడింటిలో ఏది చివర జరిగితే దానినే గడువుగా తీసుకోవాలి.

ఇంటిలో అందరికంటే ముందుగా చెప్పవలసినది తలుపు తీసేవారికి. పాలవాడు, గ్యాసు సిలిండరు తెచ్చే మనిషి, పనిమనిషి, బడి నుంచి పరుగెత్తుకొచ్చే పిల్లలు, వీరి కోసం తలుపు తెరిచిన ఆ అర నిమిషంలోనే కుక్క జారిపోతుంది. వీధి తలుపుకు, కుక్క ఉండే గదికి మధ్య మరొక తలుపు ఎప్పుడూ మూసి ఉండేట్లు చూసుకోవాలి. ఇనుప కమ్మీల గేటును నమ్మరాదు. కమ్మీల మధ్య నుంచే జతకట్టిన సందర్భాలు ఉన్నాయి. ఒంటరిగా మేడ మీద వదలరాదు. ఇంట్లో మగకుక్క కూడా ఉంటే, అది అన్న అయినా, తండ్రి అయినా, కన్న కొడుకు అయినా కుక్కలకు వావివరుసలు లేవు. ఆరు నెలల మగపిల్ల కూడా గర్భం కలిగించగలదు. శస్త్రచికిత్స చేయించిన మగకుక్కను సైతం ఆపరేషన్ జరిగిన కొన్ని వారాల వరకు నమ్మరాదు. ఇటువంటప్పుడు మగకుక్కను నెల రోజులు బంధువుల ఇంట ఉంచడమే ఇద్దరికీ మేలు. ఒకే ఇంట వేరు వేరు గదులలో ఉంచితే రాత్రంతా ఏడుపులతో ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

బయటికి తిప్పడం పూర్తిగా మానవలసిన పని లేదు. వీధికుక్కలు తక్కువగా తిరిగే వేళ చూసి, ఇంటికి దగ్గరలోనే, బలమైన గొలుసుతో, పెద్దవారే తీసుకువెళ్ళాలి. మెడపట్టీ వెనక్కి గుంజితే తల నుంచి ఊడివస్తుంది గనుక ఛాతీకి చుట్టే పట్టీ మేలు. పార్కులు, కుక్కలు కలిసే మైదానాలు ఈ నెల వద్దు. అపార్ట్‌మెంటులో లిఫ్టు దగ్గర, మెట్ల దగ్గర మూత్రం పడితే వెంటనే నీళ్ళతో కడగండి. ఆ వాసనే మగకుక్కలకు పిలుపు. ఎదలో ఉన్నదన్న కారణంతో కుక్కను ఇంటి నుంచి పంపివేయమనే అధికారం నివాసుల సంఘాలకు లేదు. అయితే మెట్లు కడగడం, పొరుగువారికి ముందుగా ఒక మాట చెప్పడం మన మర్యాద.

ఎద దీపావళికి తటస్థిస్తే మరింత అప్రమత్తత అవసరం. టపాసుల మోతకు బెదిరి పారిపోయే కుక్క, ఎదలో ఉండి పారిపోతే తిరిగి దొరికేసరికి జరగవలసినది జరిగిపోతుంది.

నేల మరకలు కాకుండా అంగళ్ళలో దొరికే కుక్కల డైపరు కట్టవచ్చు. తోకకు రంధ్రం కత్తిరించి చంటిపిల్లల డైపరును వాడేవారూ ఉన్నారు. తడిసిన వెంటనే మార్చాలి, రాత్రి తీసివేయాలి. లేకపోతే చర్మం ఒరుసుకుపోతుంది. డైపరు శుభ్రత కోసమే. మగకుక్కను అది ఆపదు. వెనుకభాగాన్ని గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో అద్దితే సరిపోతుంది. డెటాల్ వంటి క్రిమిసంహారకాలు పూయకూడదు. కుక్క వాటిని నాకుతుంది, అవి దానికి విషం. వాసన తెలియకుండా తోకకు కర్పూరమో, జలుబు మందో రాసే అలవాటు కూడా ప్రమాదకరమే. కర్పూరం కడుపులోకి పోతే కుక్కకు ఫిట్సు రావచ్చు. మగకుక్క ముక్కును ఈ వాసనలు మోసగించలేవు.

గేటు ముందు గుంపు చేరితే

బెంగళూరులో 2023లో జరిపిన గణనలో వీధికుక్కలు సుమారు 2.79 లక్షలుగా తేలాయి, 2019లో 3.10 లక్షలు. శస్త్రచికిత్సల వల్ల తగ్గుదల ఉన్నా, ఎదకు వచ్చిన కుక్క ఉన్న ఇంటి ముందు నాలుగైదు మగకుక్కలు కాపు కాయడానికి ఆ సంఖ్య ఇప్పటికీ చాలినంతే. అవి ఒకదానితో ఒకటి కరుచుకుంటాయి, దారిన పోయేవారికి అడ్డు తగులుతాయి.

రాళ్ళు విసరడం, వేడినీళ్ళు పోయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. అంతకంటే ముఖ్యంగా, రాయి తగిలిన కుక్క ఎదురుగా వచ్చే పిల్లవాణ్ణి కరుస్తుంది. గేటు ముందు కడిగి, మన కుక్కను లోపలి గదిలోకి మార్చి, ఆహారం వేయడం మానితే గుంపు పలచబడుతుంది. ఆ రోజులలో పిల్లలను గేటు వద్ద ఆడనివ్వకండి. ఎవరికైనా కాటు పడితే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజున ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టించాలి. కారం, సున్నం, పసరు పెట్టరాదు. మన కుక్కకు రేబిస్ టీకా గడువు దాటకుండా ఉన్నదీ లేనిదీ ఎద రాకముందే చూసుకోవడం మంచిది. గుంపులో అది కూడా కాటు తినవచ్చు.

జతకట్టినట్లయితే

కుక్కలు జతకట్టిన తరువాత మగకుక్క అంగమూలం ఉబ్బి, రెండూ వెనుకభాగాలు కలిసి ఇరుక్కుపోయినట్లు నిలబడతాయి. అయిదు నిమిషాల నుంచి అరగంట వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా ఈ స్థితి ఉంటుంది. మన వీధులలో ఇది చూసిన వెంటనే కర్రలతో తరమడం, నీళ్ళు కుమ్మరించడం మామూలు. దయచేసి ఆ పని చేయకండి. బలవంతంగా లాగితే రెండింటికీ లోపల చీలికలు పడతాయి, రక్తస్రావమవుతుంది. ఆ సరికి జరగవలసినది జరిగిపోయింది. విడదీసినంత మాత్రాన గర్భం ఆగదు. కుక్క బెదరకుండా తల దగ్గర నిలబడి పట్టుకోండి. విడివడిన తరువాత ఇంటికి తీసుకువెళ్ళి, తేదీ రాసుకోండి.

తరువాతి రెండు మూడు రోజులలోనే పశువైద్యుణ్ణి కలవాలి. సిగ్గుపడి, లేదా ఏమీ కాదులే అనుకొని, పొట్ట కనిపించేదాకా ఆగేవారే ఎక్కువ. త్వరగా వెళితే ఎన్ని మార్గాలున్నాయో వైద్యుడు వివరించగలడు. శస్త్రచికిత్స ద్వారా గర్భసంచిని, అండాశయాలను తొలగించడం అందులో ఒకటి. గర్భం నిలిచినదీ లేనిదీ నెల రోజుల సమయంలో స్కానింగులో తెలుస్తుంది. కుక్క గర్భకాలం సుమారు 63 రోజులే గనుక ఆలోచించుకునే వ్యవధి తక్కువ. మందుల దుకాణంలో దొరికే మనుషుల గర్భనిరోధక మాత్రలను కుక్కకు ఎన్నడూ ఇవ్వరాదు.

ఎద రాకుండా వేసే ఇంజెక్షను గురించి కూడా ఇక్కడే చెప్పాలి. చవక, ఒక్క సూదితో పని అయిపోతుంది. ప్రొజెస్టెరాన్ జాతికి చెందిన ఈ మందుల వల్ల గర్భసంచిలో చీము పట్టే ముప్పు, పాలగ్రంథులలో గడ్డల ముప్పు పెరుగుతాయి. ఎవరైనా సులువుగా వేస్తామంటే, ఈ ముప్పుల సంగతి అడిగి తెలుసుకున్న తరువాతనే ఒప్పుకోండి.

ఎద ముగిసిన తరువాత రెండు నెలలు

గర్భం లేకపోయినా ఎద తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాలకు కొన్ని కుక్కల పొదుగు ఉబ్బుతుంది. పాలు కూడా పడతాయి. చెప్పునో, బొమ్మనో మూలకు తీసుకుపోయి పిల్లలా కాపాడుకుంటుంది, దగ్గరకు వెళితే గుర్రుమంటుంది. ఇది కుక్కలలో సహజమైన దొంగచూలు. పాలు పిండరాదు; పిండినకొద్దీ మరింతగా పడతాయి. సాధారణంగా రెండు మూడు వారాలలో దానంతట అదే సర్దుకుంటుంది.

భయపడవలసినది మరొకటి: గర్భసంచిలో చీము పట్టడం. పశువైద్యులు దీనిని పయోమెట్రా అంటారు. వయసు మళ్ళిన కుక్కలలో ఎక్కువైనా, చిన్నవయసు కుక్కలలో రాదని చెప్పలేము. ఎద ముగిసిన కొన్ని వారాలకు కుక్క విపరీతంగా నీళ్ళు తాగడం, తిండి మానడం, వాంతులు, నీరసం, దుర్వాసనతో చీము కారడం కనిపిస్తే ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. గర్భసంచి ముఖద్వారం మూసుకొని ఉంటే చీము బయటికి రాదు, పొట్ట మాత్రం ఉబ్బుతుంది. అది ఇంకా ప్రమాదం. ఆలస్యమైతే ప్రాణం దక్కదు. హెబ్బాళలోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో కుక్కలకు చికిత్స, శస్త్రచికిత్స చేస్తారు. దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాల చిరునామానూ, రాత్రివేళ తెరిచి ఉండే ఆసుపత్రి చిరునామానూ అవసరం రాకముందే తెలుసుకొని ఉంచుకోవాలి.

ఒక్క కాన్పయినా కావాలా?

ఆడజన్మ ఎత్తినందుకు ఒక్కసారైనా తల్లి కావాలని, అప్పుడే ఆపరేషన్ చేయించాలని మన ఇళ్ళలో పెద్దవారు అంటారు. మా నాయనమ్మా అన్నది. ఆ మాటలో కుక్కపై ప్రేమ ఉందని నాకు తెలుసు. అయితే కాన్పు వల్ల కుక్క ఆరోగ్యానికి కలిగే మేలంటూ ఏదీ లేదు. కాన్పు కాలేదని కుక్క చింతించదు. పుట్టిన పిల్లలకు ఇళ్ళు దొరకకపోతే మాత్రం చింత మనది.

2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జంతు జనన నియంత్రణ నియమాలను అనుసరించి వీధికుక్కలకు శస్త్రచికిత్స, టీకా జరిపించడం స్థానిక సంస్థల పని. పెంపుడు కుక్క విషయంలో నట్టల మందు, టీకా, సంతాన నిరోధం యజమాని బాధ్యత. పిల్లలను అమ్మే ఉద్దేశంతో కుక్కలను ఈనించేవారికి 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నియమాలు వేరే ఉన్నాయి. వాటి ప్రకారం నమోదు తప్పనిసరి. ఆడకుక్కకు 18 నెలలు నిండకుండా, 8 ఏళ్ళు దాటిన తరువాత జతకట్టించకూడదు. వరుసగా రెండు ఎదలలో ఈనించకూడదు. జీవితకాలంలో అయిదు కాన్పులకు మించరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. ఈ లెక్కన తొలి ఎదలోనే జతకట్టించడం దాదాపు ఎప్పుడూ నియమ విరుద్ధమే అవుతుంది.

శస్త్రచికిత్స ఎప్పుడన్నది జాతిని, బరువును బట్టి వైద్యుడు నిర్ణయించవలసినది. తొలి ఎదకు ముందే చేయిస్తే పాలగ్రంథులలో గడ్డల ముప్పు బాగా తగ్గుతుందని చాలామంది వైద్యుల అభిప్రాయం. పెద్ద జాతులలో ఎముకలు, కీళ్ళు ఎదిగేవరకు ఆగడం మేలని చెప్పేవారూ ఉన్నారు. రెండింటిలోనూ యుక్తి ఉంది. ఎద నడుస్తుండగా మాత్రం అత్యవసరమైతే తప్ప చేయరు. ఆ సమయంలో గర్భసంచికి రక్తప్రసారం ఎక్కువ. ఎద ముగిసి రెండు మూడు నెలలు గడిచిన తరువాతి కాలం అనుకూలం. దొంగచూలు ఉంటే అది తగ్గేవరకు ఆగుతారు.

మా కుక్కకు పిల్లలు పాలు మరిచిన తరువాత, ఆరు వారాలు ఆగి, ఆపరేషన్ చేయించాం. మూడవ రోజున లేచి మజ్జిగన్నం తిన్నది. వైద్యుడు కార్డులో ఎద తేదీ అడిగినప్పుడు మేము చెప్పలేకపోయాం, క్యాలెండరులో రాసుకోలేదు. ఈ పుస్తకం చివరి పేజీలో ఖాళీ గీతలు వేయించినది అందుకే. మొదటి చుక్క కనిపించిన తేదీ, స్రావం రంగు మారిన తేదీ, వాపు తగ్గిన తేదీ, టీకా తేదీ, ఈ నాలుగూ అక్కడ రాసి, పేజీని చించి ఆసుపత్రికి తీసుకువెళ్ళవచ్చు. అంకెలు కన్నడంలో ఉండనవసరం లేదు. ఏ భాషలో రాసినా వైద్యులు చదువుకుంటారు.